ఎండు కట్టెల మోపు

ఆ ఏడు జాంబెజీ వరద నా మంచం కోళ్ళు తడిపేనాటికి నాకు ఎనిమిదో నెల వెళ్ళి తొమ్మిది పడింది. మంచం కింద కప్పలు, మంచం మీద నేను, ఇంటికప్పు మీద మేకలు. అయినా మా మామ న్జెక్వా నగారా మీద చెయ్యి వెయ్యలేదు. ఆ రోజుల్లో నేను ఆయన్ని తిట్టినన్ని తిట్లు ఈ మైదానంలో ఏ కోడలూ ఏ మామనీ తిట్టి ఉండదు. లోపల్లోపలే లెండి. పైకి తిడదామని బయల్దేరిన రోజు కూడా ఒకటుంది, దాని సంగతి చెబుతాను.

మా లోజీ వాళ్ళం ఎండలున్నన్నాళ్ళూ మైదానంలో, దిబ్బల మీద ఇళ్ళలో ఉంటాం. వరద పొంగితే పడవలెక్కి గట్టు మీద ఊళ్ళకి పోతాం. అయితే ఎవరికి తోచినప్పుడు వాళ్ళు పోవడానికి లేదు. ముందు రాజుగారి మూడు నగారాలు మోగాలి. రాజు నాలిక్వాండా ఎక్కాలి, నలుపు తెలుపు చారల ఆ పెద్ద పడవ కదలాలి. ఆ వెనకే మేం. రాజుకన్నా ముందు గట్టుకి పడవెక్కినవాడు రాజు చావు కోరినవాడి కిందే లెక్క. ఆ నగారాలను కాపాడే ఇల్లు మా అత్తవారిది. ముప్పై ఏళ్ళుగా ఆ తోళ్ళకు చెమ్మ తగలకుండా చూడటమే మా మామ పని. పొద్దున్నే కొట్టు తలుపు తీయడం, పొడి గుడ్డతో తుడవడం, కప్పు కారుతోందేమో చూడటం. "నన్ను పెళ్ళి చేసుకున్నాడుగానీ కాపురం వాటితోనే" అని మా అత్త ఇనుతు అందరి ముందూ ఎకసెక్కమాడేది.

నాకు అంతకు రెండేళ్ళ ముందు ఒక బిడ్డ పుట్టి పోయాడు. ఆ ఏడు నగారా నాలుగు రోజులు ఆలస్యమైంది. ఇంట్లో ఎండు పుల్ల లేదు, వేణ్ణీళ్ళు లేవు, బిడ్డకు కాపడం పెట్టే దారి లేదు. పుట్టిన మూడో రోజు దగ్గి దగ్గి పోయాడు. అందుకే ఈసారి కడుపు నిలిచిందని తెలియగానే చేవ ఉన్న కట్టెలు ఒక మోపు కొట్టించాను. చాపలో చుట్టించి దూలానికి కట్టించాను. పొయ్యి ఆరిపోయి చల్లటి గంజి తాగిన రోజున కూడా ఆ మోపు జోలికి ఎవరినీ రానివ్వలేదు. మా ఆయన లుబిందా ఒకసారి దానికేసి చూశాడు. "చెయ్యి పడిందో, విరగ్గొడతాను" అన్నాను. మళ్ళీ చూడలేదు.

తెల్లవాళ్ళ కంపెనీ అంతకు ముందు ఎండల్లోనే దిగింది. నూట ఇరవై తుపాకులు, రెండు ఫిరంగులు, ఎడ్లబండ్లు, ఒక కాగితం. నేల మీద ఏనుగులు, నేల కింద రాళ్ళు, మధ్యలో మేము, అన్నీ కంపెనీవే అని ఆ కాగితంలో ఉందట. దక్షిణాన చాలామంది రాజులు అలాంటి కాగితాల మీద వేలిముద్రలు వేసేశారు. మా రాజు మాత్రం, "ఆలోచించుకోవాలి, కాసేపు కూర్చోండి" అన్నాడు. ఎక్కడ కూర్చుంటారో మీ ఇష్టం అన్నాడు. వాళ్ళ దొర మైదానమంతా తిరిగి, మా రాజధానికి ఫిరంగి గుండు అందేంత దూరంలో ఒక దిబ్బ చూసుకున్నాడు. పచ్చిక, ఒక చెట్టు, చల్లగాలి. అక్కడ చుట్టూ మట్టికట్ట పోసి కోట కట్టి జెండా ఎగరేశాడు.

ఆ దిబ్బ మీద మేం వరదలో చేపల బుట్టలు పెట్టుకుంటాం. పెద్ద వరదొస్తే చెట్టు కొమ్మలే పైకి కనిపిస్తాయి. మా ఊళ్ళో పళ్ళు రాని పిల్లకు కూడా తెలిసిన సంగతది. మేం అబద్ధం చెప్పలేదు. వాళ్ళు అడగలేదు.

వరద మా గుమ్మంలోకి వచ్చిన రోజున, కంపెనీ దుబాసీ మొలెఫె పులిసిన పాల కోసం వచ్చాడు. దక్షిణాది మనిషి, వాళ్ళ భాష మా భాషకు దగ్గరే. నవ్వు మొహం. నీళ్ళలో తపతపా నడిచొచ్చి గుమ్మంలో ఆగిపోయాడు.

"ఏమిటమ్మా ఇది! నీళ్ళు ఇంట్లోకి వచ్చేశాయే!"

పరాయివాళ్ళ దగ్గర నీళ్ళ మాట ఎత్తవద్దని అప్పటికే రాజుగారి చాటింపు అయింది. మా అత్త పాలకుండ కడుగుతూ తలెత్తి, అప్పుడే చూసినట్టు నేలకేసి చూసింది.

"ఏ నీళ్ళు నాయనా?"

"ఈ నీళ్ళే! చీలమండల దాకా ఉన్నాయి!"

"ఇవా? మంచు కురిసిందిలే."

"ఇంత మంచా!"

"మావైపు కాస్త గట్టిగా కురుస్తుంది. మీ దొర ఒంట్లో బాగుందా? పాలు అరుగుతున్నాయా ఆయనకి?"

మొలెఫె పడీ పడీ నవ్వాడు. పాలు పోయించుకుంటూ తనే చెప్పుకొచ్చాడు. "మా దొరకేం, హాయిగా ఉన్నాడు. మీ నగారాల కోసం చూస్తున్నాడు. అవి మోగితే మీరంతా ఊరు ఖాళీ చేస్తారటగా? అప్పుడు నింపాదిగా వచ్చి మీ రాజు ఇంట్లో కూర్చుంటాడట. ఒక్క గుండు ఖర్చు కాదు. మళ్ళీ మీరు మైదానంలోకి దిగాలంటే ఆ కాగితం మీద వేలు పెట్టాల్సిందే."

"మరి నీళ్ళు మీ దిబ్బకి రావా?" అనేశాను నేను, ఉండబట్టలేక.

"నేనూ అదే అన్నాను తల్లీ. దొర దుర్భిణీ తీసి మీ ఇళ్ళకేసి చూశాడు. 'వాళ్ళు పుట్టిందే ఈ నీళ్ళలో. వాళ్ళు కదిలారా? లేదు. వాళ్ళకి లేని భయం మనకెందుకు?' అన్నాడు."

ఆ మాట నేను విన్నాను, విని ఊరుకున్నాను. నా బుర్రంతా కడుపులో ఉన్నదాని మీదే ఉంది.

ఆ తర్వాత పది రోజుల్లో నీళ్ళు మోకాళ్ళు దాటాయి. పొయ్యిని అరుగు మీదకు ఎక్కించాం. ఎర్రచీమలు ఉండల్లా చుట్టుకుని గదుల్లో తేలుతుండేవి, వాటికి దారిచ్చి నడిచేవాళ్ళం. ఒక పాము మా గోడకి తగిలించిన బుట్టలో కాపురం పెట్టింది. మేం దాని జోలికి పోలేదు, అది మా జోలికి రాలేదు. రోజూ పొద్దున ఊళ్ళో ఆడవాళ్ళు మా ఇంటి ముందు నీళ్ళలో నిలబడి మా మామని బతిమాలేవారు. పొరుగింటి ముసలామె ఒకరోజు ఏడ్చేసింది.

"నా మనవరాలికి జొరం. నువ్వే కదా ఎత్తుకు తిప్పావు దాన్ని? ఒక్క దెబ్బ వెయ్యి న్జెక్వా. ఒక్క దెబ్బ."

"రాజు చెప్పినప్పుడు మోగుతుంది వదినా."

పొద్దున్నా అదే మాట, సాయంత్రమూ అదే మాట. మొహంలో ఒక్క గీత కదిలేది కాదు. నాకు ఒళ్ళు మండిపోయేది.

"నీ బాబుతో నువ్వు మాట్లాడతావా, నన్ను మాట్లాడమంటావా?" అని లుబిందాని నిలదీశాను. ఆయన రాజుగారి పడవ తెడ్డు వేసేవాడు, సింహం జూలు కుచ్చు టోపీ పెట్టుకుని ఊరంతా తిరిగే మనిషి. ఇంట్లో వాళ్ళ నాన్న ముందు మాత్రం పిల్లి.

"అది కాదే నాసిలెలె... ఆయనకి తెలియదా... ఏదో ఉండే ఉంటుంది..." అని నీళ్ళు నమిలాడు. ఇంటినిండా నీళ్ళే కదా, కొదవేముంది.

"సరే, నేనే తేలుస్తాను" అన్నాను.

మర్నాడు మిట్టమధ్యాహ్నం మగవాళ్ళంతా చేపలకు పోయినప్పుడు నడుముకు గుడ్డ బిగించి నీళ్ళలోకి దిగాను. ఒక చెయ్యి కడుపు కింద, ఒక చెయ్యి గోడల మీద. ఆడది ఆ నగారాల కొట్టులో అడుగు పెట్టకూడదు. పెడితే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే ఎవరూ పెట్టలేదు. నేను పెట్టాను. మామ మీద కోపం, రాజు మీద కోపం, పోయిన బిడ్డ మీద దుఃఖం, అన్నీ కలిసి వచ్చాయి. అరుగు మీద మూడు నగారాలు, ఒక్కొక్కటి నా రొమ్ములెత్తు. కొడతాను, ఊరంతా కదులుతుంది, తర్వాత నన్నేం చేసుకుంటారో చేసుకోమన్నాను. అరచెయ్యి ఎత్తి బలమంతా పెట్టి కొట్టాను.

తడి పిండిముద్దని కొట్టినట్టు చప్పుడైంది.

మళ్ళీ కొట్టాను. మళ్ళీ అదే. తోలు మెత్తగా లోపలికి దిగింది, అరచెయ్యి తడిసింది. కప్పుకేసి చూశాను, ఎక్కడా కారడం లేదు. నేలకేసి చూశాను, నీళ్ళు అరుగుకు జానెడు కిందే ఉన్నాయి. నగారా పక్కన ఒక సొరబుర్ర ఉంది.

వెనక నీళ్ళ చప్పుడైంది. మా మామ ఇంకో సొరబుర్ర నిండా నీళ్ళు పట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు. నన్ను చూసి కోప్పడలేదు. వచ్చి, పక్క నగారా మీద ఆ నీళ్ళు నెమ్మదిగా, పసిబిడ్డకి పోసినట్టు పోశాడు.

"పూటకోసారి తడపాలి కోడలా. లేకపోతే ఆరిపోతోంది."

"ఇదేం పని మామా! ముప్పై ఏళ్ళు..."

"నిన్న నువ్వు మూలిగావు. మూడుసార్లు. మూడుసార్లూ లేచి ఇక్కడిదాకా వచ్చాను." తన చేతులు చూసుకున్నాడు. "నా చెయ్యి మీద నాకు నమ్మకం లేదు."

నేను అరుగు మీద కూలబడ్డాను. ఆయన వాకిట్లోంచి తెల్లవాళ్ళ దిబ్బకేసి చూపించాడు.

"వాళ్ళు మన ఇళ్ళకేసే చూస్తున్నారు. మనం కదిలితే వాళ్ళూ కదులుతారు. దిబ్బకీ గట్టుకీ మధ్య పాయ ఇవాళ్టికి నడుం లోతే ఉంది. తుపాకులు నెత్తిన పెట్టుకుని నడిచి దాటిపోగలరు. అది నిలువు దాటాలి. నిలువు దాటేదాకా మనం కూర్చోవాలి, హాయిగా ఉన్నట్టు. మన పడవలు తప్ప ఈ మైదానంలో ఇంకో పడవ లేదు."

"ఎన్నాళ్ళు?"

"ఆరేడు రోజులు."

"మరి నా బిడ్డ?"

ఆయన సొరబుర్ర ముంచి మూడో నగారా దగ్గరకు వెళ్ళాడు. సగం నీళ్ళు కింద పోయాయి. "ఈ సంగతి రాజుకి, మంత్రికి, నాకు తెలుసు. ఇప్పుడు నీకు తెలుసు" అన్నాడు.

నేను లేచి, ఆయన చేతిలోంచి బుర్ర తీసుకున్నాను. మూడో నగారా మీద నీళ్ళు నేనే పోశాను.

ఇంటికొచ్చేసరికి మా అత్త, లుబిందా కంగారుగా ఎదురుచూస్తున్నారు. "ఏమన్నాడు?" అన్నాడు మా ఆయన. "ఏమంటాడు? ఇప్పుడేం పుట్టి మునిగిందని అడిగాడు. నిజమే అనిపించింది" అన్నాను. మా అత్త నన్ను కాసేపు ఎగాదిగా చూసింది. ఆవిడకేదో అర్థమైంది. మర్నాటి నుంచి వాకిట్లో ఏడ్చేవాళ్ళని ఆవిడే సర్దిచెప్పి పంపేది, జొరం పిల్లని మాత్రం మా అరుగు మీదకు తెచ్చి పడుకోబెట్టింది.

నాలుగో రోజున మొలెఫె మళ్ళీ వచ్చాడు. ఈసారి నడిచి కాదు, పీపాలు కట్టిన తెప్ప మీద. నవ్వు మొహం లేదు.

"మట్టికట్ట కరిగి మా గుడారాల్లోకి నీళ్ళొచ్చాయి. మీరెప్పుడు కదులుతారో కనుక్కుని రమ్మన్నాడు దొర. ఇవాళ కదిలితే మేమూ గట్టుకి పోతామంటున్నాడు. నిజం చెప్పమ్మా."

పాయ అప్పటికి రొమ్ముల లోతు. ఇంకా దాటొచ్చు. మంచం అంచున కూర్చుని రెండు కాళ్ళూ నీళ్ళలో వేలాడేసి, చేపల బుట్ట అల్లుతున్నాను. అల్లడం ఆపలేదు.

"కదలడం ఏమిటన్నా? ఇంకా నీళ్ళు రానే లేదు."

"తొమ్మిది నెలల కడుపుతో నీళ్ళలో కూర్చున్నావు తల్లీ!"

"కాళ్ళు చల్లగా ఉంటే కాన్పు సుఖంగా అవుతుందన్నయ్యా. మా అత్త మా ఆయన్ని ఇలాగే కన్నదట. ఏం అత్తా?"

"నాకు పీక దాకా ఉన్నాయి" అంది మా అత్త, నిన్నటి జొన్నసంకటి కలుపుతూ. "అందుకే వీడు చేపలా పుట్టాడు. నోట్లోంచి మాట రాదు."

నేను ఫక్కున నవ్వాను. నవ్వు నిజంగానే వచ్చింది. అప్పుడే నడుంలో ఒక పోటు కూడా వచ్చింది, దాన్నీ నవ్వులో కలిపేశాను. మొలెఫె నవ్వలేదు. నానిపోయి ముడతలు పడ్డ నా కాలివేళ్ళకేసి చాలాసేపు చూశాడు. ఆ తర్వాత దూలానికి కట్టిన కట్టెల మోపుకేసి చూశాడు. తెలివైనవాడు. నా పని అయిపోయిందనుకున్నాను.

"మా రాజు కూడా ఇలాంటి కాగితం మీదే వేలు పెట్టాడు తల్లీ" అన్నాడు మెల్లగా. "అప్పుడు మా దగ్గర నదిలో నీళ్ళు లేవు." తెప్ప ఎక్కి గడకర్ర తీసుకున్నాడు. "దొరతో చెబుతాను. వాళ్ళు నవ్వుతూ బుట్టలల్లుకుంటున్నారని చెబుతాను. అబద్ధం కాదుగా?"

రెండు రోజులు. నా జీవితంలో అంత పొడుగు రెండు రోజులు మళ్ళీ చూడలేదు. పోటు వచ్చి పోతోంది, వచ్చి పోతోంది. మూడో రోజు పొద్దుటే మంత్రి పడవ మా ఇంటి ముందు ఆగింది. "పాయ నిలువు దాటింది. రాజు మోగించమంటున్నాడు" అన్నాడు.

మా మామ కొట్టులోకి పరిగెత్తాడు, ఆయన వయసుకి నీళ్ళలో అంత పరుగు ఎలా వచ్చిందో. కాసేపటికి తిరిగొచ్చాడు. మొహం పాలిపోయింది.

"తోళ్ళు కాగాలి. మంట కావాలి. ఊరంతా వెతికాం, ఒక్క ఎండు పుల్ల లేదు. గుంజలు, తలుపులు, తెడ్లు, అన్నీ నానిపోయాయి."

మా రాజు, మంత్రి అన్నీ ఆలోచించారు. పాయ లోతు కొలిచారు, దొర బుద్ధి కొలిచారు. మంట సంగతి ఒక్కడూ ఆలోచించలేదు. మగవాళ్ళు చేసే ఏర్పాట్లలో పొయ్యి గుర్తుండదు.

మామ నోరు తెరిచి అడగలేదు. ఆయన కళ్ళు దూలం మీదకు పోయాయి, వెంటనే దించుకున్నాడు. లుబిందా కూడా చూసి తల తిప్పుకున్నాడు. మా అత్త గరిటె పట్టుకుని నా ముందుకొచ్చి నిలబడింది. "అది పిల్లది కాన్పుకి దాచుకున్నది. ఎవడైనా ముట్టుకుంటే ఊరుకోను" అంది. ఆవిడ నా తరఫున మాట్లాడటం అదే మొదలు.

నాకు పోయిన బిడ్డ దగ్గు వినిపించింది. అబద్ధం చెప్పను, ఒక్క క్షణం ఇవ్వకూడదనే అనుకున్నాను. ఆ తర్వాత మంచం మీద నిలబడి కట్టు నేనే విప్పాను.

"తీసుకెళ్ళు మామా. గట్టు మీద ఎండు కట్టెలు బోలెడున్నాయి. నన్ను త్వరగా అక్కడికి చేర్చు, చాలు."

ఆయన ఆ మోపుని రెండు చేతులా ఎత్తుకుని, తల కంటే ఎత్తున పట్టుకుని నీళ్ళలో నడిచి వెళ్ళాడు.

ఆ మోతని ఏమని చెప్పను! ముందు చిన్న నగారా, తర్వాత నడిమిది, తర్వాత పెద్దది. మంచం కోళ్ళ చుట్టూ నీళ్ళు వణికాయి. ఊరు ఊరంతా ఒక్కసారి అరిచింది. "యో షో!" అని రాజుకి జేలు కొడుతూ ఇంటింటి కప్పు మీదా జనం లేచి నిలబడ్డారు. దిబ్బ తర్వాత దిబ్బ అందుకుంది. నీళ్ళలో బిగబట్టుకుని కూర్చున్న జనం, ఏడుపు దిగమింగిన తల్లులు, అందరి గొంతులూ ఒక్కసారి విడిపోయాయి. నేనూ అరిచాను. నొప్పికి అరిచానో ఆనందానికి అరిచానో అడక్కండి.

నగారాల పడవ రాజుగారి పడవ పక్కనే నడవాలి. మా మామ నన్నూ అందులోనే పడుకోబెట్టాడు. ఆడది నగారాల పడవలోనా అని ఎవరో నసిగారు. "ఆ మంట ఎవరిదో తెలుసా నీకు?" అన్నాడు మామ. అంతే.

నాలిక్వాండా కదిలింది. నూరు తెడ్లు ఒక్కటిగా లేచాయి. వెనక ఎన్ని పడవలో, నీళ్ళు కనబడలేదు. దొర అనుకున్నదే జరిగింది, మా ఊరు ఖాళీ అయింది. ఆయన వచ్చి కూర్చోవడమే తరువాయి. కానీ ఎలా వస్తాడు? దిబ్బ మీద నడుం లోతు నీళ్ళు. సైనికులు పెట్టెల మీద, చెట్టు కొమ్మల మీద నిలబడి ఉన్నారు. ఒక ఫిరంగి పేల్చారు. గుండు మా ఖాళీ ఇంటి మీద పడిందట, నా మంచం విరిగింది. ఆ విసురుకి ఫిరంగి చక్రాలు బురదలో దిగబడి, మూతి ఆకాశానికి లేచింది. రెండోది అప్పటికే నీళ్ళలో ఉంది.

పడవలన్నీ దిబ్బ చుట్టూ ఆగాయి, బాణం దూరంలో. కొందరు సైనికులు తుపాకులు ఎక్కుపెట్టారు. మా ఆయన, నోట్లోంచి మాట రాని మా ఆయన, నాలిక్వాండా ముందు భాగాన లేచి నిలబడి అరిచాడు.

"కాల్చండి! కాల్చాక తెడ్డు వెయ్యడం కూడా నేర్చుకోండి!"

పడవల్లో నవ్వులు అలలా లేచాయి. మొలెఫె ఆ మాట దొరకి చెప్పాడో లేదో, నీళ్ళలోకి దూకి మా పడవకి ఈదుకొచ్చాడు. అతన్నే అందరికంటే ముందు ఎక్కించుకున్నాం. ఆ తర్వాత రాజు మాట వినిపించింది: మనిషికి ఒక తుపాకీ. తుపాకీ ఇచ్చినవాడు పడవెక్కుతాడు. కొట్టొద్దు, తిట్టొద్దు, గట్టుకి చేర్చి గంజి పొయ్యండి.

ఒక్కొక్కడే వచ్చాడు. తుపాకులు పడవల అడుగున పడుతుంటే కట్టెలు పడ్డట్టే చప్పుడు. దొర చివర వచ్చాడు, బూట్లు చేత్తో పట్టుకుని. నాలిక్వాండాలో రాజు ముందు కూర్చోబెట్టారు. ఆయన అన్నిటికంటే ముందు అడిగింది ఒక్కటే. "ఆ దిబ్బ మునుగుతుందని మాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదుగా" అన్నాడు రాజు.

ఆయన తెచ్చిన కాగితాన్నే తిరగేసి, వెనక వైపు మొలెఫె చేత రాయించారు. పిలవందే ఈ మైదానంలో అడుగు పెట్టం, పిలిస్తే ఎక్కడ కూర్చోమంటే అక్కడే కూర్చుంటాం అని. దొర సంతకం చేశాడు. తడి చేతులకి సంతకం అలుక్కుపోయింది కాబట్టి వేలిముద్ర కూడా వెయ్యమన్నాడు రాజు.

ఇదంతా నాకు తర్వాత చెప్పినదే. ఆ సమయానికి నేను నగారాల మధ్య, తుపాకుల పక్కన, మా అత్త చెయ్యి కొరుకుతూ ఉన్నాను. గట్టు కనబడుతుండగా ముయుందా పుట్టాడు. పడవ ఆగేసరికి ఒడ్డున మంటలు వెలుగుతున్నాయి. ఎండు కట్టెలు, పొగ లేని మంటలు. వాడికి వేణ్ణీళ్ళు పోశారు, కాపడం పెట్టారు. వాడు దగ్గలేదు. మూడో రోజూ దగ్గలేదు. నేను నాలుగో రోజు దాకా నిద్రపోలేదు, ఆ తర్వాత ఒక పగలంతా పడి నిద్రపోయాను.

లేచేసరికి మా మామ వాకిట్లో ఉన్నాడు. మాలో పెద్దవాళ్ళు కనబడితే చిన్నవాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని చేతులు తట్టి దణ్ణం పెడతారు. ఆ ముసలాయన నా ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అరచేతులు మెల్లగా, మూడుసార్లు తట్టాడు. లేచి వెళ్ళిపోయాడు. నేను బిడ్డని గుండెకి అదుముకుని వెక్కి వెక్కి ఏడ్చాను.

ఆ కాగితం కబురు నీళ్ళకంటే వేగంగా పాకింది. మొలెఫె తన దేశానికి పోయి చెప్పాడు. తూర్పున చెరువుల దేశాల వాళ్ళు, పడమట అడవుల వాళ్ళు మనుషుల్ని పంపి అడిగి తెలుసుకున్నారు. ఎవరి వరద వాళ్ళు వెతుక్కున్నారు. ఒకరికి అడవి, ఒకరికి ఎడ్లని చంపే ఈగ, ఒకరికి ఎండ. ముయుందాకి మీసాలొచ్చేసరికి కంపెనీలన్నీ ఓడరేవుల్లో దుకాణాలు పెట్టుకుని, మా వాళ్ళతో గుడ్డలకీ ఉప్పుకీ బేరాలాడుకుంటున్నాయి. ఫిరంగులు ఇంకా ఆ దిబ్బ మీదే ఉన్నాయి. వరదలో వాటిలోకి మంచి చేపలు దూరతాయి, ఆ బుట్టల హక్కు మా ఇంటిది.

ఇంకో హక్కు కూడా మాదే. నాదే. ఏటా పాయ పొంగాక, నగారాల తోళ్ళు కాచే మొదటి మంటకి కట్టెలు నా ఇంటి నుంచే పోవాలని రాజు చాటింపు వేయించాడు. ఆ రాజు పోయాడు, మా మామ పోయాడు, చాటింపు ఉంది. ఇప్పుడు నగారాలు కాపాడేది ముయుందా. నెత్తి నెరిసింది వాడికి. నిన్న పొద్దున పడవేసుకుని వచ్చి, గుమ్మంలో మోకాళ్ళ మీద కూర్చుని చేతులు తట్టాడు.

"అమ్మా, కట్టెలు ఇస్తావా? రాజుగారు అడిగి రమ్మన్నారు. ఊరంతా ఎదురుచూస్తోంది."

దూలానికి కట్టిన మోపు నా తల మీదే ఉంది. నేను మంచం మీంచి కాళ్ళు కిందకి దించి, నీళ్ళు ఎంత వచ్చాయో చూసుకున్నాను.

"కూర్చో," అన్నాను, "ఆలోచించుకోవాలి."